తప్పిన లెక్కను అచ్చు వేయించిన మనిషి

కిందటి శ్రావణంలో ఒక రాత్రి పదకొండింటికి మా అక్క కూతురు ఫోన్ చేసింది. వాతావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. గొంతు వింటేనే తెలిసిపోయింది, అప్పటిదాకా ఏడ్చి ఉంటుందని.

"మావయ్యా, నాలుగు నెలల పని నీళ్లపాలైంది. ఒక వాయుగుండం కేసు మోడల్‌లో రన్ చేశాను. అసలు వాన శ్రీకాకుళంలో కుండపోతగా పడింది. నా మోడల్‌లో మాత్రం ఒడిశా అవతల సముద్రం మీద పడింది. మిగతా మూడు కేసులూ బాగానే వచ్చాయి. దీన్ని తీసేసి ఆ మూడే థీసిస్‌లో పెట్టేస్తాను. ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు," అన్నాను. అది నిజం కూడా. "కానీ పడుకునేముందు ఒక మనిషి కథ విను. నీ వాన కొన్ని వందల కిలోమీటర్లు పక్కకు పోయింది, అంతే కదా. ఆయన లెక్క ఈ భూమ్మీద ఎన్నడూ జరగనంత వింతగా తప్పింది. ఆయన ఆ తప్పుని లెక్కతో సహా పుస్తకంగా అచ్చు వేయించాడు. ఇవాళ నువ్వు నడుపుతున్న మోడల్‌కి మూలం ఆ పుస్తకమే."

ఆ రాత్రి ఆమెకు చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే ఆ కోరిక ఆమె ఒక్కదానిదే కాదు. ప్రాజెక్టు చెడిన ఇంజనీరుకీ, కొట్టు పెట్టి మూసేసిన కుర్రాడికీ మొదట వచ్చే ఆలోచన అదే: ఇది ఎవరి కంటా పడకుండా చెరిపేద్దాం.

ఆయన పేరు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. 1881లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రిది తోళ్లు శుద్ధి చేసే వ్యాపారం. వాళ్లది క్వేకర్ కుటుంబం, అంటే ఏ కారణంతోనైనా సరే యుద్ధం కూడదని నమ్మే క్రైస్తవ శాఖ. కేంబ్రిడ్జిలో చదివాక ఆయన చేసిన ఉద్యోగాల్లో ఒకటి పీట్ కంపెనీలో. పీట్ అంటే చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి పేరుకున్న పొర. తవ్వి, ఎండబెట్టి, పొయ్యిలో వాడతారు. ఆ నేలలోంచి నీరు బాగా దిగాలంటే కాలవలు ఎక్కడ తవ్వాలి? ప్రశ్న చిన్నదే, సమీకరణాలే కొరకరాని కొయ్యలు. ఎంత చేసినా కచ్చితమైన జవాబు తేలదు.

అప్పుడాయన ఒక పని చేశాడు. నేలను గళ్లు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి కూడికలు, తీసివేతలు, గుణకారాలతో ఉజ్జాయింపు జవాబు రాబట్టాడు. అదే పద్ధతిని ఆనకట్ట గోడలోని ఒత్తిడులకు వాడి 1910లో పరిశోధన పత్రం రాశాడు. లెక్కలు చేయడానికి కుర్రాళ్లను పెట్టుకుని, లెక్కకింతని కూలి ఇచ్చాడు. తప్పు చేసిన లెక్కకు కూలి లేదు. అంత ఖండితమైన మనిషి. ఆ పనిని ఫెలోషిప్ కోసం తన కాలేజీకి పంపితే, ఉజ్జాయింపు గణితమని పండితులు చిన్నచూపు చూశారు. ఫెలోషిప్ రాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మనలో చాలామందికి చదివినదానికి సంబంధం లేని ఉద్యోగం దొరుకుతుంది. దొరికిన రోజు నుంచీ దాన్ని తిట్టుకుంటూ బతుకుతాం. రిచర్డ్‌సన్‌కి దొరికింది బురద నేల. అక్కడ నేర్చిన గళ్ల లెక్కనే ఆయన తర్వాత ఆకాశానికి ఎత్తాడు.

1913లో స్కాట్లండ్‌లోని ఎస్క్‌డేల్‌మ్యూర్ అనే మారుమూల కొండప్రాంతంలో ఉన్న వాతావరణ పరిశోధన కేంద్రానికి అధికారిగా వెళ్లాడు. ఆ రోజుల్లో సూచన చెప్పే పద్ధతి ఏమిటంటే, ఇవాళ్టి పటం ముందు పెట్టుకుని, ఇలాంటి పటం గతంలో ఎప్పుడుందో వెతికి, అప్పుడేం జరిగిందో ఇప్పుడూ అదే జరుగుతుందని చెప్పడం. రిచర్డ్‌సన్‌కి ఇది నచ్చలేదు. గ్రహాల స్థితిని ఖగోళ శాస్త్రవేత్తలు అలా చెప్పడం లేదు కదా అన్నాడు. మన పంచాంగకర్త కూడా నిరుడు గ్రహణం ఏ రోజు పట్టిందో చూసి ఈ ఏడు గ్రహణం చెప్పడు, గణితం చేసి పట్టువిడుపుల ఘడియలు చెబుతాడు. గాలి కూడా భౌతిక సూత్రాల ప్రకారమే నడుస్తున్నప్పుడు రేపటి వాతావరణాన్ని ఎందుకు లెక్క కట్టకూడదు?

అందుకని యూరప్ మీది గాలిని చదరంగం బల్లలాగా గళ్లు చేశాడు. ఒక్కో గడి పక్క దాదాపు 200 కిలోమీటర్లు, పైకి ఐదు పొరలు. ఇప్పుడు ప్రతి గడిలో పీడనం, గాలి, వేడి, తేమ ఎంతో తెలిస్తే, పక్క గడి నుంచి ఎంత గాలి వస్తోంది, ఎంత పోతోంది లెక్కగట్టి, ఆరు గంటల తర్వాత ఏమవుతుందో చెప్పొచ్చు. ఇవాళ ప్రపంచంలోని వాతావరణ నమూనాల్లో అత్యధిక భాగం చేస్తున్నది మౌలికంగా ఇదే.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తుపాకి పట్టనన్నాడు. అలాగని ఇంట్లో కూర్చోలేదు. 1916లో ఉద్యోగం వదిలి ఫ్రాన్స్ వెళ్లి, క్వేకర్ల అంబులెన్స్ దళంలో చేరి, గాయపడిన సైనికుల్ని మోసే బండి నడిపాడు. ఆ మధ్యలో దొరికిన విరామాల్లో, చలి, తడి నిండిన బసలో, ఎండుగడ్డి కుప్పే బల్లగా తన ప్రయోగం మొదలుపెట్టాడు.

ఎంచుకున్న రోజు 1910 మే 20, ఉదయం 7 గంటలు. హేలీ తోకచుక్క భూమికి దగ్గరగా వచ్చి వెళ్తున్న రోజులవి. ఆ రోజు యూరప్‌లో చాలా చోట్ల బెలూన్లు ఎగరేసి తీసుకున్న కొలతలు పటాలుగా అచ్చయి ఉన్నాయి. అంటే ఆయన జోస్యం చెప్పదలచింది ఎప్పుడో గడిచిపోయిన రోజుకి. జవాబు ముందే అందరికీ తెలుసు. పద్ధతిని పరీక్షించడానికి అదే సరైన దారి. మొత్తం 23 ఫారాలు గీసుకుని, గడి గడికీ అంకెలు నింపాడు. రెండే రెండు గళ్లకు, ఆరు గంటల మార్పు కోసం, ఆరు వారాలు పట్టింది. 1917 ఏప్రిల్‌లో షాంపేన్ యుద్ధం జరుగుతుంటే ఆ రాతప్రతిని భద్రంగా ఉంటుందని వెనక్కి పంపారు. అది కాస్తా పోయింది. కొన్ని నెలల తర్వాత బెల్జియంలో ఒక బొగ్గు కుప్ప కింద దొరికింది.

ఇంత కష్టపడ్డాక వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని.

ఈ అంకె ఎంత అసంభవమో మనకు తెలిసిన కొలతతో చెబుతాను. 1999లో ఒడిశాను తుడిచిపెట్టిన సూపర్ సైక్లోన్ కేంద్రంలో పీడనం 912 మిల్లీబార్లకు పడింది. చుట్టూ ఉన్న మామూలు గాలితో పోలిస్తే ఆ తేడా నూరు మిల్లీబార్ల లోపే. రిచర్డ్‌సన్ లెక్క ప్రశాంతంగా ఉన్న ఒక మే నెల ఉదయాన, జర్మనీలో, అంతకంటే పెద్ద మార్పు జరగాలంది. నిజానికి ఆ రోజు అక్కడ పీడనం దాదాపు కదలనే లేదు.

ఆయన ముందు చాలా దారులున్నాయి. ఆ ఉదాహరణ తీసేసి పద్ధతి ఒక్కటే రాయొచ్చు. ఇంకో రోజు ఎంచుకోవచ్చు. నాలుగు అంకెలు అటూ ఇటూ సర్ది, నమ్మదగిన జవాబు రాబట్టొచ్చు. చూసేవాళ్లు ఎవరూ లేరు, ఆయన తప్ప ఆ లెక్క చేసి చూసినవాళ్లు కూడా లేరు. 1922లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్ 'వెదర్ ప్రిడిక్షన్ బై న్యూమరికల్ ప్రాసెస్' అనే ఆ పుస్తకాన్ని వేసింది. 23 ఫారాలూ ఉన్నాయి. ప్రతి అంకె ఉంది. 145 కూడా ఉంది. ఇది తప్పని ఆయనే రాశాడు. తప్పు ఎక్కడి నుంచి వచ్చి ఉండొచ్చో కూడా రాశాడు: మొదట తీసుకున్న గాలి కొలతల్లో లోపం ఉండి ఉంటుందని.

750 ప్రతులు వేశారు. దాదాపు 30 ఏళ్లు అమ్మకంలోనే ఉంది ఆ పుస్తకం. అంత నెమ్మదిగా కదిలింది.

తప్పు అసలెక్కడుందో ఇప్పుడు మనకు బాగా తెలుసు. కావడి మోసేవాణ్ని ఊహించుకోండి. రెండు కుండలూ సమంగా ఉంటే కావడి కదలదు. ఒకవైపు చెంబెడు నీళ్లు తగ్గితే రెండూ ఊగుతాయి. గాలిలో పీడనం, గాలివేగం అలాంటి జంట. ప్రకృతిలో అవి ఎప్పుడూ దాదాపు సమతూకంలో ఉంటాయి. కానీ బెలూన్ కొలతల్లో చిన్న చిన్న పొరపాట్లు ఉంటాయి కాబట్టి, కాగితం మీద ఆ తూకం చెడుతుంది. లెక్కలో కావడి ఊగడం మొదలైంది. ఆ ఒక్క ఊపును చూసి, ఆరు గంటలూ అటే పోతుందన్నట్టు లెక్కగట్టాడు. అందుకే అంత అంకె. అంటే ఆయన సూత్రాలు సరైనవే, గళ్ల పద్ధతీ సరైనదే. లోపమంతా మొదట పోసిన నీళ్లలో ఉంది.

నా ఉద్దేశంలో ఆయన జీవితంలో మనం నేర్చుకోవాల్సిన అతి పెద్ద విషయం ఇక్కడే ఉంది. ఫలితం తప్పగానే మనం మొత్తాన్ని కలిపి తిట్టేస్తాం. "నాకు చేతకాదు", "ఈ లైను నాకు పడదు", "నా జాతకమే ఇంత". వీటిలో ఒక్కటి కూడా సమాచారం కాదు. వీటిని ఎవరికి చూపించినా సాయం చేయలేరు, ఓదార్చడం తప్ప. రిచర్డ్‌సన్ పుస్తకంలో తనను తాను తిట్టుకోవడం లేదు. తప్పును సమర్థించుకోవడమూ లేదు. ఏం తీసుకున్నాను, ఏం చేశాను, ఏం వచ్చింది అన్నది మాత్రం అణువణువూ ఉంది. అందుకే తర్వాతివాళ్లు వచ్చి లోపం ఎక్కడో వేలు పెట్టి చూపించగలిగారు. ఆ ఉదాహరణను ఆయన తీసేసి ఉంటే, ఎక్కడ సరిచేయాలో తెలిసేది కాదు.

మన చదువుల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకం నేర్పారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా లెక్కల మాస్టారు కొట్టివేత ఉంటే మార్కు తగ్గించేవారు. లెక్క తప్పితే పేజీ చింపి కొత్తగా రాసేవాళ్లం. సంవత్సరం చివరికి నోటుపుస్తకం సన్నగా, శుభ్రంగా ఉండేది. ఎక్కడ తప్పానో అందులో ఒక్క ఆనవాలు లేదు. వార్షిక పరీక్షలో మళ్లీ అవే తప్పులు చేశాను. తల్లిదండ్రులకు నా మనవి: పిల్లల పుస్తకంలో కొట్టివేతలుంటే కోప్పడకండి. ఒక గీత కొట్టి, పక్కన మళ్లీ చేయమనండి. రెండూ కనబడాలి.

రిచర్డ్‌సన్ తన పుస్తకంలో ఒక కల కూడా రాసుకున్నాడు. ఒక పెద్ద గుండ్రటి రంగశాల. గోడలంతా ప్రపంచ పటం. ఒక్కో ప్రాంతం దగ్గర ఆ ప్రాంతపు లెక్క చేసే మనుషులు. వాతావరణం మారే వేగాన్ని అందుకోవాలంటే 64,000 మంది కావాలని అంచనా వేశాడు. మధ్యలో ఎత్తైన స్తంభం మీద ఒక పర్యవేక్షకుడు. ముందుకు పరిగెత్తేవాళ్ల మీద గులాబీ రంగు వెలుగు, వెనకబడినవాళ్ల మీద నీలి వెలుగు వేస్తుంటాడు. బయట ఆటస్థలాలు, ఇళ్లు, కొండలు, సరస్సులు. వాతావరణాన్ని లెక్కించేవాళ్లు హాయిగా గాలి పీల్చుకోవాలన్నది ఆయన ఆలోచన. రెండు గళ్లకు ఆరు వారాలు పట్టి, అదీ తప్పిపోయిన మనిషి రాసిన కల ఇది.

కల తీరడానికి ఒక యంత్రం కావలసి వచ్చింది. 1950లో అమెరికాలో జూల్ చార్నీ, జాన్ వాన్ నాయ్‌మన్ బృందం ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద, రాత్రింబవళ్లు 33 రోజులు పనిచేసి, కొన్ని సూచనలు రాబట్టింది. రిచర్డ్‌సన్‌ను ముంచిన ఆ ఊపు రాకుండా చార్నీ సమీకరణాలను ముందే వడగట్టాడు. ఒక్క రోజు సూచనకు దాదాపు ఒక్క రోజు పట్టింది. ఆ ఫలితాలు రిచర్డ్‌సన్‌కి అందాయి. ఆయన చేసిన పని చూడండి. పటాలు భార్య డొరతీ ముందు పెట్టి, అసలు జరిగినదానికి ఏది దగ్గరగా ఉంది, కంప్యూటర్ చెప్పినదా, లేక ఏమీ మారదని ముందురోజు పటాన్నే ఉంచేస్తేనా అని అడిగాడు. మొత్తం మీద కంప్యూటరే కాస్త మెరుగని ఆమె తేల్చింది. ఆయన చార్నీకి అభినందనలు రాస్తూ, 1922 నాటి తన ఫలితం పూర్తిగా తప్పని ఇంకోసారి చెప్పి, దానితో పోలిస్తే ఇది ఎంతో పెద్ద ముందడుగని మెచ్చుకున్నాడు. డెబ్బై ఏళ్ల వయసులో కూడా ఆ లెక్కను సమర్థించుకోవాలని ఆయనకు అనిపించలేదు. 1953 సెప్టెంబర్ 30న కన్నుమూశాడు. మరుసటి ఏడాదే స్వీడన్‌లో కంప్యూటర్ లెక్కలతో రోజువారీ సూచనలు మొదలయ్యాయి.

ఐర్లండ్ శాస్త్రవేత్త పీటర్ లించ్ తర్వాత ఆ పుస్తకం తెరిచి, అవే అంకెలు, అదే పద్ధతి తీసుకుని, మొదట కావడి తూకం మాత్రం సరిచేసి లెక్క మళ్లీ చేశాడు. 145కి బదులు మార్పు ఒక మిల్లీబారు కూడా రాలేదు. ఆ రోజు నిజంగా జరిగినదానికి దాదాపు సరిపోయింది. అదే లించ్ 2008లో ఎనియాక్ సూచనల ప్రోగ్రామును ఒక నోకియా 6300 ఫోన్‌లో నడిపాడు. ఒక్క సెకను కూడా పట్టలేదు.

రిచర్డ్‌సన్ వృత్తి జీవితం తిన్నగా సాగలేదని కూడా చెప్పాలి. యుద్ధం ముగిశాక మళ్లీ వాతావరణ శాఖలో చేరాడు. 1920లో ఆ శాఖ వైమానిక శాఖ కిందికి పోవడంతో, సైన్యానికి పని చేయనని రాజీనామా ఇచ్చాడు. తన పరిశోధన విషవాయువుల ప్రయోగానికి పనికొస్తుందని తెలిశాక, అచ్చు కాని కాగితాలు నాశనం చేశాడని డొరతీ చెప్పింది. ఒక తప్పును ప్రపంచానికి చూపించిన మనిషే, ఒక ఒప్పును ప్రపంచానికి దక్కకుండా చేశాడు. ఏది దాచాలి, ఏది చూపాలి అన్నదానికి ఆయన కొలబద్ద పరువు కాదు. మనుషులకు మేలా, కీడా అన్నదే. ఆ తర్వాత టీచర్ల శిక్షణ కళాశాలలో పాఠాలు చెప్పాడు, స్కాట్లండ్‌లో పేజ్లీ అనే ఊళ్లో టెక్నికల్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. యుద్ధాలు ఎందుకొస్తాయో గణితంతో పట్టుకోవాలని ఉద్యోగం ముందుగానే మానుకున్నాడు. ఆ పనిలోనే దేశాల సరిహద్దుల పొడవు కొలుస్తూ, పుస్తకానికో అంకె ఉందని గమనించాడు. ఎంత చిన్న కర్రతో కొలిస్తే గీత అంత పొడవవుతుందన్న ఆ గమనింపును ఆయన పోయాక బెన్వా మాండెల్‌బ్రాట్ అందుకున్నాడు. ఫ్రాక్టల్ గణితం దారి అటే తెరుచుకుంది.

నాకు బాగా ఇష్టమైన దృశ్యం 1948 నాటిది. నీళ్లలో సుడులు వస్తువుల్ని ఎలా దూరం చేస్తాయో తెలుసుకోవాలి. అరవై దాటిన రిచర్డ్‌సన్, అమెరికా సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టామెల్ కలిసి స్కాట్లండ్‌లో ఒక సముద్రపు పాయ దగ్గర నిలబడి, తెల్లటి పార్స్‌నిప్ దుంప ముక్కలు నీళ్లలోకి విసిరారు. చూడటానికి మన ముల్లంగిలా ఉంటుంది ఆ దుంప. నీళ్లలో దాదాపు మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని నెట్టదు, తెల్లగా కనబడుతుంది. రెండు ముక్కల మధ్య దూరం ఎంత పెరుగుతోందో చూసి పరిశోధన పత్రం రాశారు. సౌకర్యాలు లేవని కూర్చున్న పరిశోధక విద్యార్థులకు ఈ సంగతి తప్పకుండా చెబుతుంటాను.

ఇదంతా ఎక్కడో యూరప్ ముచ్చట అనుకోకండి. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద తీరం దాటుతుందని ముందే తెలుసు. ఊళ్లు ఖాళీ చేయించారు. చెట్లు కూలాయి, ఇళ్లు పోయాయి, నగరం చీకటైంది. ప్రాణనష్టాన్ని మాత్రం దివిసీమతో పోల్చడానికే లేదు. ఉపగ్రహాలు, రాడార్లు, అధికారుల కష్టం, వీటన్నిటి పాత్రా ఉంది. వాటితో పాటు, గాలిని గళ్లుగా చేసి లెక్కకట్టే కంప్యూటర్ నమూనాలూ ఉన్నాయి. 2025లో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి పక్క ఆరు కిలోమీటర్లు. ఇవాళ గుంటూరు జిల్లాలో రైతు కల్లంలో ఆరబోసిన మిర్చి మీద పట్టా కప్పాలా వద్దా అని ఫోన్ చూసుకుంటున్నాడంటే, అందులో ఆ ఎండుగడ్డి కుప్ప మీద రాసిన అంకెల బాకీ ఉంది.

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలకు దారులు దగ్గర్లోనే ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భూమి, సముద్రం, వాతావరణం కలిపి చదివే కేంద్రం ఉంది. గణితం, భౌతికశాస్త్రం గట్టిగా ఉండాలి, ప్రోగ్రామింగ్ రావాలి. వీటికంటే ముందు ఇంకొకటి కావాలి: మీ సూచన తప్పిన రోజు మర్నాడు ఉదయం, ఎంత తప్పిందో మీరే కొలిచి రాసుకోగల నిబ్బరం. సూచన తప్పుల్ని కొలవడం ఈ వృత్తిలో ప్రతిరోజూ చేసే పని.

అన్ని తప్పులకూ లించ్ లాంటివాడు వస్తాడని నేను చెప్పను. చాలా తప్పులు తప్పులుగానే మిగిలిపోతాయి. పాతికేళ్లు ఎదురుచూసినా ఎవరూ మెచ్చుకోకపోవచ్చు. మూతపడిన కొట్టు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. అయినా ఏ నెలలో ఎంత పెట్టావు, ఎంత అప్పిచ్చావు, ఎప్పుడు సరుకు తగ్గించావు అన్న లెక్క కాగితం మీద ఉంటే, రెండో కొట్టు పెట్టేటప్పుడు అది పెట్టుబడిలో భాగమే. ఆ కాగితం లేకపోతే మిగిలేది బాధ ఒక్కటే.

ఆ రాత్రి ఫోన్ పెట్టేముందు మా మేనకోడలికి ఒక్క పని చెప్పాను. "తీసేయకు. ఏ డేటా తీసుకున్నావో, ఏ రోజు నుంచి మొదలుపెట్టావో, గడి ఎంత పెట్టావో వరసగా రాయి. చివర, వాన ఎక్కడ పడాల్సింది, ఎక్కడ పడిందో రాయి. మీ గైడ్‌కి చూపించు." నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ వచ్చింది. రాసుకుంటూ వెళ్తుంటే మూడో మెట్టు దగ్గరే దొరికిందట. మోడల్‌కి మొదట ఇచ్చిన డేటాలోనే వాయుగుండం కేంద్రం అసలు చోటుకి చాలా పక్కన ఉంది. దాన్ని సరిచేసి మళ్లీ రన్ చేసింది. వాన తీరానికి చేరింది, పూర్తిగా శ్రీకాకుళానికి కాదు కానీ దగ్గరికి.

థీసిస్‌లో రెండు రన్‌లూ ఉన్నాయి, తప్పిందీ, సరిచేసిందీ, పక్కపక్కనే. వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు ఎక్కువసేపు అడిగింది ఆ అధ్యాయం గురించే.

మీ దగ్గర కూడా ఇలాంటి లెక్క ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని బయటికి తీసి, తారీఖు వేసి, తెల్లకాగితం మీద మొదటి నుంచి రాయండి. రాశాక, ఆ పని తెలిసిన ఒక్కరికి చూపించండి.